22 ఏళ్ల కబడ్డీ రెయిడర్‌కి ఏసీఎల్ ఆపరేషన్: మళ్లీ మ్యాట్ మీదికి వచ్చే అవకాశం ఎంత?

కాలేజీ పీడీ, గుంటూరు

మా కాలేజీ కబడ్డీ జట్టులో రెయిడర్. వయసు 22, బరువు 68 కిలోలు. ఐదు వారాల కిందట కూత మధ్యలో కుడి పాదం ఆన్చి వెనక్కి మళ్లబోతుంటే మోకాలు లోపల టప్పుమంది. గంటన్నరలో బాగా వాచింది. ఎవరూ పట్టుకోలేదు, ఎవరి దెబ్బా తగల్లేదు. ఎంఆర్‌ఐలో ఏసీఎల్ (మోకాలి లోపల తొడ ఎముకని కింది ఎముకకి కట్టే లిగమెంట్) పూర్తిగా తెగిందని, లోపలివైపు మెనిస్కస్ (ఆ రెండు ఎముకల మధ్య మెత్తలా ఉండే గుజ్జు) వెనక కొమ్ములో నిలువు చీలిక ఉందని, బయటివైపు ఎముక లోపల కమిలిన మచ్చ ఉందని రాశారు. ఇప్పుడు వాపు కొద్దిగానే మిగిలింది. మోకాలు 115 డిగ్రీల దాకా ముడుస్తున్నాడు. చాచడంలో మాత్రం ఎడమ కాలికంటే 5 డిగ్రీలు తక్కువ. మెట్లు దిగుతూ రెండుసార్లు మోకాలు తప్పుకుని కూలబడ్డాడు.

విజయవాడలో చూపించిన సర్జన్, ఇక్కడ కొత్తపేటలో చూపించిన సర్జన్ ఇద్దరూ ఆపరేషన్ కావాలనే అన్నారు. గ్రాఫ్ట్ దగ్గరే తేడా వచ్చింది, అంటే తెగిన లిగమెంట్ స్థానంలో వేసే టెండన్ (కండరాన్ని ఎముకకి కట్టే తాడు) ఎక్కణ్నుంచి తీయాలన్న దగ్గర. ఒకరు తొడ వెనక హ్యామ్‌స్ట్రింగ్ తీస్తామన్నారు, ఇంకొకరు చీలమండ పక్కనుంచి పెరోనియస్ లాంగస్ తీస్తామన్నారు. మోకాటి చిప్ప కింది టెండన్ అయితే కబడ్డీకి మేలని మరో కోచ్ అంటున్నారు.

వాళ్ల నాన్నగారు మూడు నెలల్లో మామూలైపోతాడనుకుంటున్నారు. కుర్రాడు ఆరు నెలల్లో యూనివర్సిటీ సెలెక్షన్స్ అంటున్నాడు. ఆ తర్వాత కానిస్టేబుల్ పరీక్ష రాయాలని కూడా ఉంది, అంటే 1600 మీటర్లు, 100 మీటర్లు, లాంగ్ జంప్. ఈ వయసువాళ్లలో ఫలితాలు నిజంగా ఎలా ఉంటాయి? ధైర్యం చెప్పే మాటలు కాదు, లెక్కలు కావాలి. రేపు వాళ్లింటికి వెళ్లి కూర్చుని చెప్పాల్సింది నేనే.

ఆర్థో, సూర్యారావుపేట

మాస్టారూ, ముందు ఆ 5 డిగ్రీల సంగతి చూడండి. గ్రాఫ్ట్ గురించి తర్వాత మాట్లాడుకుందాం.

చాచేటప్పుడు చివర్లో స్ప్రింగులా వెనక్కి తన్నుతోందా, లేక తొడ కండరం పనిచెయ్యక బద్ధకంగా ఆగిపోతోందా? స్ప్రింగులా అడ్డు తగిలితే చీలిన మెనిస్కస్ ముక్క కీలు మధ్యలోకి జారి ఇరుక్కుని ఉండొచ్చు. అప్పుడు వ్యాయామంతో బలవంతంగా చాచకూడదు, వారాల తరబడి ఆగనూ కూడదు. ఆ ముక్క నలిగితే కుట్టడానికి పనికిరాదు. కండరం బద్ధకమే అయితే ఫిజియోతో రెండు మూడు వారాల్లో పూర్తిగా చాచడం రాబట్టి, అప్పుడు ఆపరేషన్‌కి వెళ్లాలి. వాచి బిగుసుకున్న మోకాలికి తొందరపడి గ్రాఫ్ట్ వేస్తే లోపల మచ్చ కణజాలం పెరిగి మోకాలు శాశ్వతంగా బిగుసుకునే ప్రమాదం ఎక్కువ. గ్రాఫ్ట్ ఎంత గట్టిగా ఉన్నా, చాచలేని కాలితో పరుగు లేదు.

ఆపరేషన్ అందరికీ కావాలా అంటే, అక్కర్లేదు. స్వీడన్‌లో 18 నుంచి 35 ఏళ్ల 121 మందిని రెండు గుంపులు చేసి చూశారు. ఒక గుంపుకి తొందరగా ఆపరేషన్. రెండో గుంపుకి ముందు వ్యాయామం, మోకాలు నిలవకపోతేనే ఆపరేషన్. 2010లో వచ్చిన రెండేళ్ల ఫలితాల్లో నొప్పి, పనితీరు స్కోర్లలో రెండు గుంపులకీ తేడా కనబడలేదు. ఐదేళ్లు తిరిగేసరికి రెండో గుంపులో సగం మంది ఆపరేషన్ చేయించుకున్నారు, మిగతా సగానికి అవసరం రాలేదు. ఆఫీసు పని, నడక, సైకిలు, ఈత చాలనుకునేవాళ్లకి ఇది గట్టి ఆధారం. వృత్తి క్రీడాకారులను మాత్రం అందులో చేర్చుకోలేదు. మీవాడు మలుపుల ఆట ఆడాలి, మెట్ల మీదే మోకాలు తప్పుకుంటోంది, పైగా కుట్టదగ్గ మెనిస్కస్ చీలిక ఉంది. ఈ మూడూ కలిసినప్పుడు ఆపరేషనే సరైన దారి. తప్పుకున్న ప్రతిసారీ ఆ చీలిక పెరుగుతుంది. అప్పటిదాకా మెట్లు రెయిలింగ్ పట్టుకునే దిగమనండి, గ్రౌండ్ వైపు పంపకండి.

మెనిస్కస్ గురించి ఒక్క మాట గట్టిగా అడగండి: "కుడతారా, కోసేస్తారా?" వెనక కొమ్ములో నిలువు చీలిక, అదీ రక్తం అందే అంచు దగ్గర ఉంటే, కుట్టాల్సిందే. ఏసీఎల్‌తో పాటు కుట్టినవి బాగా మానతాయి, ఎముకలో రంధ్రాలు వేసినప్పుడు వచ్చే రక్తం, మజ్జ అందుకు సాయపడతాయి. కోసేస్తే కోలుకోవడం తొందరగానే ఉంటుంది. కానీ 22 ఏళ్లకి మెనిస్కస్ పోయిన మోకాలు 40 దాటకముందే గుజ్జు అరుగుదలకి దారి తీయొచ్చు. మెనిస్కస్ వెనక అంచు క్యాప్సూల్ (కీలు చుట్టూ ఉండే సంచి) నుంచి విడిపోయే చీలిక ఎంఆర్‌ఐలో తరచూ దొరకదు, ఆపరేషన్‌లో కెమెరాని మోకాలి వెనక మూలకి తీసుకెళ్లి చూడాలి. అదీ అడగొచ్చు, తప్పేం లేదు.

ఇక గ్రాఫ్ట్. హ్యామ్‌స్ట్రింగ్‌ని నాలుగు మడతలు వేస్తే కనీసం 8 మిల్లీమీటర్ల మందం రావాలి. అంతకంటే సన్నగా ఉంటే కుర్రవాళ్లలో మళ్లీ తెగడం ఎక్కువ. సన్నగా వస్తే ఏం చేస్తారో, అంటే ఆరు పోగులు వేస్తారా, వేరే టెండన్ కలుపుతారా అన్నది ముందే మాట్లాడుకోవాలి. చిప్ప కింది టెండన్‌కి రెండు చివరలా ఎముక ముక్క ఉంటుంది, ఎముకతో ఎముక దాదాపు ఆరు వారాల్లో అతుక్కుంటుంది. ఆపరేషన్ల ఫలితాలు నమోదు చేసే పెద్ద పెద్ద రిజిస్ట్రీల్లో కుర్రవాళ్లకి మళ్లీ తెగడం దీనితో కొంచెం తక్కువే. దానికి బదులు మోకాళ్ల మీద కూర్చుంటే ముందు వైపు నొప్పి ఉండొచ్చు. కబడ్డీలో మోకాలు మ్యాట్‌కి కొట్టుకోవడం మామూలే కదా, అది ఆలోచించాలి. తొడ ముందరి క్వాడ్రిసెప్స్ టెండన్ మందంగా వస్తుంది, మోకాళ్ల మీద ఆనితే నొప్పి తక్కువ. కాకపోతే మొదటి నెలల్లో తొడ బలం లేవడం ఆలస్యం. పెరోనియస్ లాంగస్ మందంగా, సులువుగా దొరుకుతుంది, చాలామందికి నడకలో తేడా తెలియదు. కానీ అది చీలమండని బయటికి తిప్పే కండరానిది. ఎదుటివాళ్లు యాంకిల్ హోల్డ్ వేసే ఆటలో రెయిడర్ చీలమండ నుంచి తీయడం నాకైతే ఇష్టం లేదు. దాత కణజాలం గ్రాఫ్ట్ అయితే 25 లోపు ఆటగాళ్లకి వద్దు, తెగిపోవడం చాలా ఎక్కువ.

హ్యామ్‌స్ట్రింగే అనుకుంటే బయటివైపు అదనపు కట్టు వేస్తారా అని అడగండి. తొడ బయటి పట్టీ నుంచి ఒక పాయ తీసి ఎముకకి బిగించే చిన్న ప్రక్రియ అది. 14 నుంచి 25 ఏళ్ల 618 మంది మీద కెనడా సర్జన్ల నాయకత్వంలో జరిగిన అధ్యయనంలో, రెండేళ్లలో గ్రాఫ్ట్ తెగడం హ్యామ్‌స్ట్రింగ్ ఒక్కటే వేసినవాళ్లలో 11 శాతం, ఈ కట్టు కలిపినవాళ్లలో 4 శాతం. ఈ వయసు, ఈ ఆట ఉన్నవాళ్లకి ఇది పెద్ద తేడా.

గ్రాఫ్ట్‌ని ఎముకకి బిగించే బటన్ ఏ కంపెనీది, స్క్రూ కరిగేదా టైటానియమా అని చాలామంది తలలు బద్దలు కొట్టుకుంటారు. తొడ ఎముకలో రంధ్రం ఎక్కడ పడిందన్నది అంతకంటే చాలా ముఖ్యం. అది మరీ ముందుకో, మరీ నిలువుగానో పడితే బల్ల మీద పరీక్షలో మోకాలు గట్టిగానే ఉంటుంది, మలుపు తిరిగితే జారుతుంది. ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారని సర్జన్‌ని అడగడానికి మొహమాటపడకండి.

స్పోర్ట్స్ మెడిసిన్, బెంజ్ సర్కిల్

పైన చెప్పినదంతా సరే. పీడీ గారు అడిగిన లెక్కలు నేను చెబుతాను.

ఏసీఎల్ ఆపరేషన్ అయినవాళ్ల మీద వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి 2014లో లెక్కగట్టినప్పుడు, ఏదో ఒక ఆటకి తిరిగి వచ్చినవాళ్లు 81 శాతం, దెబ్బకి ముందున్న స్థాయికి చేరినవాళ్లు 65 శాతం, పోటీల్లో ఆడినవాళ్లు 55 శాతం. అంటే ఆపరేషన్ బాగా జరిగినా ఇద్దరిలో దాదాపు ఒకరు పోటీకి తిరిగి రావడం లేదు. కొందరు మోకాలి వల్ల, కొందరు భయం వల్ల, కొందరు చదువు, ఉద్యోగం వల్ల ఆగిపోతారు. భయాన్ని తక్కువ చెయ్యకండి. దాన్ని కొలవడానికి 12 ప్రశ్నల పట్టిక ఉంది, ఫిజియోని అడిగితే ఇస్తారు.

రెండో లెక్క ఇంకా ముఖ్యం. మొత్తం మీద రెండోసారి ఏసీఎల్ తెగేది దాదాపు 15 శాతం మందికి. అందులో ఆపరేషన్ చేసిన కాలు 7, బాగున్న కాలు 8. అవును, రెండో కాలే కాస్త ఎక్కువ. 25 ఏళ్లలోపు ఉండి మళ్లీ ఆటకి దిగినవాళ్లను విడిగా చూస్తే అది 23 శాతానికి చేరుతుంది. వాళ్ల నాన్నగారికి ఇలా చెప్పండి: ఆటకి తిరిగొచ్చిన నలుగురు కుర్రవాళ్లలో దాదాపు ఒకరికి ఏదో ఒక మోకాలు మళ్లీ తెగుతోంది. ఈ లెక్కల్లో ఎక్కువ భాగం ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ లాంటి ఆటలవి. కబడ్డీలో మలుపుకి తోడు కాలు పట్టి లాగేవాళ్లు కూడా ఉంటారు, కాబట్టి ఇంతకంటే తక్కువే ఉంటుందని అనుకోవద్దు.

ఈ 23 శాతాన్ని తగ్గించేది ఎక్కువగా మన చేతిలోనే ఉంది. నార్వే, అమెరికా ఫిజియోలు కలిసి చేసిన అధ్యయనంలో, తొమ్మిదో నెల దాకా ఆటని వాయిదా వేసిన ఒక్కో నెలకీ మళ్లీ దెబ్బ తగిలే రేటు దాదాపు సగం తగ్గింది. తొమ్మిది దాటాక ఆగితే అదనపు లాభం కనబడలేదు. బలం, గెంతుల పరీక్షలన్నీ పాసై వెళ్లినవాళ్లకి పాసవ్వనివాళ్లకంటే దెబ్బలు 84 శాతం తక్కువ. కాబట్టి ఆరు నెలల సెలెక్షన్స్ ఈ ఏడాది లేనట్టే. ఇది ఇప్పుడే చెప్పెయ్యాలి. ఐదో నెలలో చెబితే వాడు మీ మాట వినడు.

కాలేజీ పీడీ, గుంటూరు

చాలా స్పష్టంగా చెప్పారు, ఇద్దరికీ కృతజ్ఞతలు. చాచేటప్పుడు స్ప్రింగు అడ్డు లేదండీ, ఫిజియో చూసి తొడ కండరం బలహీనతే అన్నారు. ఇంకో సంగతి. నాలుగో నెలకే నొప్పి లేకుండా ఆడేస్తున్న కుర్రవాళ్లను చూపించి వాళ్ల నాన్నగారు వాదిస్తారు. ఆయనకి ఏం చెప్పాలి? ఇంట్లో ఏం జాగ్రత్తలు? బలం కొలవడానికి మా దగ్గర పెద్ద మెషీన్లు లేవు.

ఆర్థో, సూర్యారావుపేట

నొప్పి లేకపోవడానికీ గ్రాఫ్ట్ గట్టిపడటానికీ సంబంధం లేదు. వేసేటప్పుడు గ్రాఫ్ట్ చాలా బలంగా ఉంటుంది. తర్వాత దానిలోని కణాలు చనిపోయి, కొత్త రక్తనాళాలు పాకి, మెల్లగా లిగమెంట్‌గా మారుతుంది. ఈ మార్పులో రెండో నెల, మూడో నెల ప్రాంతంలో అది అన్నిటికంటే బలహీనంగా ఉంటుంది. పూర్తిగా మారడానికి ఏడాది, అంతకంటే ఎక్కువే పడుతుంది. సరిగ్గా నొప్పి, వాపు తగ్గి "బాగైపోయింది" అనిపించే రోజులవే. ఆయనకి ఇలా చెప్పి చూడండి: స్లాబు వేసిన వారానికి పైకి గట్టిగానే కనబడుతుంది, అంతమాత్రాన సెంట్రింగ్ తీసేస్తామా?

ఇంకోటి, ఇంట్లో "నరం తెగింది" అంటుంటారు. నరం కాదు, ఎముకని ఎముకకి కట్టే లిగమెంట్. నరమనుకుంటే కాలు చచ్చుబడుతుందని భయపడి కదలనివ్వరు. ఆపరేషన్ తర్వాత కుట్టు బయటివైపు చర్మం మొద్దుబారడం మాత్రం చాలామందికి ఉంటుంది. చర్మానికి వెళ్లే చిన్న నరపు కొమ్మ దెబ్బతినడం వల్ల వచ్చేదే అది, నెలల్లో వైశాల్యం తగ్గుతుంది, ఆటకి అడ్డు కాదు.

ఫిజియో, బ్రాడీపేట

ఇంటి జాగ్రత్తల్లో మొదటిది దిండు. మన ఇళ్లల్లో అమ్మలు ప్రేమగా మోకాలి కింద దిండు పెడతారు. సుఖంగానే ఉంటుంది, కానీ మోకాలు ముడిచిన స్థితిలోనే బిగుసుకుపోతుంది. దిండు మడమ కింద పెట్టాలి, మోకాలు గాల్లో ఉండాలి. ఇప్పటినుంచే రోజుకి నాలుగైదుసార్లు పది నిమిషాలు అలా ఉంచి, మోకాలిని మంచం వైపు నొక్కి తొడ బిగించమనండి. ఒక్కో బిగింపు 5 సెకన్లు, 20 సార్లు. ఆపరేషన్‌కి ముందే తొడ బలం రెండో కాలికంటే 20 శాతానికి మించి తక్కువ ఉన్నవాళ్లు రెండేళ్ల తర్వాత కూడా వెనకబడే ఉన్నారని అధ్యయనాలున్నాయి. కాబట్టి ఈ రెండు మూడు వారాలూ ఊరికే ఎదురుచూపులతో గడిపెయ్యకూడదు.

ఎడమ కాలి బలాన్ని ఆపరేషన్‌కి ముందే కొలిచి రాసిపెట్టండి. ఇది ఎవరూ చెయ్యరు, తర్వాత చింతిస్తారు. ఆరు నెలలు ఆట లేకపోతే బాగున్న కాలు కూడా కరిగిపోతుంది. అప్పుడు రెండింటినీ పోల్చి "90 శాతం వచ్చింది" అంటే, రెండూ బలహీనంగానే ఉన్నాయని అర్థం. పెద్ద మెషీన్ అక్కర్లేదు. జిమ్‌లో లెగ్ ఎక్స్‌టెన్షన్ (కూర్చుని మోకాలు చాచుతూ బరువు ఎత్తే మెషీన్) మీద ఒంటికాలితో ఎన్ని కిలోలు ఎత్తగలడో చూడండి. లేదా మోకాలు 90 డిగ్రీల్లో ఉంచి, బెల్టుతో కట్టిన చిన్న చేతి డైనమోమీటర్‌తో కొలవొచ్చు, చాలా క్లినిక్‌లలో ఉంది. టేపుతో తొడ చుట్టుకొలత కొలిచి బలం వచ్చిందనుకోవద్దు. దెబ్బ తగిలిన కాలికి ఇప్పుడు గరిష్ఠ బరువు పెట్టొద్దు, వాపు వస్తుంది.

ఆపరేషన్ తర్వాత మొదటి రెండు వారాల్లో పూర్తిగా చాచడం రావాలి, ముడవడం 90 దాకా. మెనిస్కస్ కుడితే నాలుగు నుంచి ఆరు వారాలు 90 దాటనివ్వరు, బ్రేస్ ఉంటుంది. బరువు ఎంత మోపాలో సర్జన్ చెప్పిన లెక్కే. కాలు తిన్నగా ఎత్తినప్పుడు మోకాలు కొంచెం కూడా వంగకుండా నిలిచేదాకా చేతికర్రలు వదలొద్దు. ఈ వేడికి బ్రేస్ కింద చెమటకి చర్మం చెడుతుంది, లోపల పల్చని కాటన్ గొట్టం తొడిగి రోజూ మార్చండి. నేల మీద బాసింపట్టు, గొంతుక్కూర్చోవడం మెనిస్కస్ కుట్టినవాళ్లకి నాలుగు నెలల దాకా వద్దు. ఇంట్లో పాశ్చాత్య తరహా టాయిలెట్ లేకపోతే కమోడ్ కుర్చీ ముందే తెచ్చిపెట్టండి. కుడి కాలు కాబట్టి బైకు వెనక బ్రేకు, కిక్ రెండూ ఆ కాలిమీదే. ఆరు వారాల తర్వాతైనా, గట్టిగా బ్రేకు నొక్కి చూసి వెనకాడకుండా నొక్కగలిగితేనే బండి ఇవ్వండి.

నాలుగో వారం దాటాక 90 నుంచి 45 డిగ్రీల మధ్య లెగ్ ఎక్స్‌టెన్షన్ మెల్లగా మొదలుపెట్టొచ్చు. గ్రాఫ్ట్ పాడవుతుందని దాన్ని అసలే చేయించనివాళ్లు ఉన్నారు. కేవలం స్క్వాట్లతో ఆ కండరం తిరిగి రాదు, శరీరం తుంటితో సర్దుకుంటుంది. హ్యామ్‌స్ట్రింగ్ తీసినట్టయితే వెనక కండరానికి బరువులు దాదాపు ఎనిమిది వారాల దాకా ఆపాలి. తొందరపడితే తొడ వెనక చిటుక్కుమంటుంది.

పరుగు 12 నుంచి 16 వారాల మధ్య. క్యాలెండర్ ఒక్కటే చూడకండి. వాపు లేకుండా, పూర్తిగా చాచుతూ, తొడ బలం రెండో కాలిలో కనీసం 70 శాతం ఉండి, ఒంటికాలి మీద పది అరస్క్వాట్లు మోకాలు లోపలికి వాలకుండా చెయ్యగలగాలి. మరుసటి రోజు పొద్దున వాపు కనబడితే ముందు రోజు చేసింది ఎక్కువైందని అర్థం. సగానికి తగ్గించండి.

ఆరో నెలనుంచి ఒంటికాలి గెంతులు: ఒక గెంతు, మూడు గెంతులు, గీత అటూ ఇటూ దాటుతూ మూడు, 6 మీటర్ల టైమింగ్. దూరం 90 శాతం వచ్చినంతలో సంతోషించకండి, దిగేటప్పుడు ఫోన్‌లో ముందునుంచి వీడియో తియ్యండి. దూరం బాగానే వచ్చి, మోకాలు లోపలికి పడుతున్నవాళ్లే ఎక్కువ. ఏడెనిమిది నెలలకి ఎవరూ పట్టుకోని ఖాళీ రెయిడ్లు, ముందే చెప్పి ఒకే వైపు మలుపులు, తర్వాత చెప్పకుండా మలుపులు. పట్టు వేయించడం అన్నిటికంటే చివర, తొమ్మిది నెలలు దాటాక, బలం 90 శాతం పైన ఉంటేనే. మెనిస్కస్ కుట్టారు కాబట్టి పది, పన్నెండు నెలలనుకుంటే మంచిది.

కానిస్టేబుల్ ఈవెంట్లలో 1600 మీటర్లు తిన్నని పరుగే కాబట్టి ముందే సాధన చెయ్యొచ్చు. లాంగ్ జంప్ మాత్రం ఆటతో సమానం. ఏ కాలితో టేకాఫ్ తీసుకుంటాడో చూడండి. కుడి అయితే దానికీ అదే తొమ్మిది నెలల లెక్క.

కాలేజీ పీడీ, గుంటూరు

టేకాఫ్ కాలు ఎడమే. ఎడమ కాలి కొలత రేపే తీయిస్తాను. ఇంటికొచ్చాక ఏం కనబడితే వెంటనే డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి?

ఆర్థో, సూర్యారావుపేట

పిక్క గట్టిపడి నొప్పి, ఒక కాలే వాపు ఉంటే ఆ రోజే చూపించాలి, రక్తం గడ్డ కావచ్చు. ఊపిరి అందకపోయినా, ఛాతీ నొప్పి వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి. మొదటి మూడు వారాల్లో జ్వరం, తగ్గుతున్న నొప్పి తిరగబెట్టడం, కుట్టు దగ్గర తడి ఉంటే మోకాలిలో ఇన్ఫెక్షన్ అనుమానించాలి. ఒక శాతం లోపే వస్తుంది, కానీ కీలు కడగడం ఆలస్యమైతే గుజ్జు పోతుంది. ఇంట్లో ఉన్న యాంటీబయాటిక్ మాత్ర వేసి ఆగొద్దు. ఆపరేషన్‌కి ముందే గ్రాఫ్ట్‌ని వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ ద్రావణంలో నానబెడతారా అని అడగండి, ఇన్ఫెక్షన్ తగ్గించడంలో అది బాగా పనిచేస్తోంది. రెండో మూడో నెలలో చాచడం తగ్గుతూ చివర్లో టక్కుమంటే గ్రాఫ్ట్ ముందు మచ్చ గడ్డ ఏర్పడి ఉండొచ్చు. దాన్ని వ్యాయామంతో నొక్కి సరిచేయలేం, కెమెరాతో తీసేస్తే చాచడం వచ్చేస్తుంది.

డిశ్చార్జి రోజు సమ్మరీ ఒక్కటే తీసుకుని రాకండి. గ్రాఫ్ట్ మందం ఎన్ని మిల్లీమీటర్లు, మెనిస్కస్‌కి ఎన్ని కుట్లు, ఏ ఇంప్లాంట్లు అన్నది ఆపరేషన్ నోట్స్‌లో ఉంటుంది. వాటి స్టికర్లు, కెమెరా ఫొటోలు కూడా అడిగి తీసుకోండి. కుట్లు ఎన్ని పడ్డాయో తెలియకుండా బ్రాడీపేట ఫిజియో గారు 90 దాటించాలో లేదో చెప్పలేరు. డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద వెళ్లాలనుకుంటే, ఆ ఆసుపత్రిలో ఈ ప్రక్రియకి అనుమతి వస్తుందా అని డెస్క్ దగ్గర ఆరోగ్యమిత్రని అడ్మిషన్‌కి ముందే అడగండి.

ఫిజియో, బ్రాడీపేట

నోట్స్ వచ్చాక ఇక్కడ గ్రాఫ్ట్ మందం, కుట్ల సంఖ్య రాయండి పీడీ గారూ, వారాల వారీ పట్టిక దాన్ని బట్టి రాసిస్తాను. జట్టులో మిగతా పదిమందికీ ఇవాళ్టినుంచే ఫిఫా 11 ప్లస్ వార్మప్ పెట్టండి, 20 నిమిషాలు, వారానికి కనీసం రెండుసార్లు. ఒంటికాలి బ్యాలెన్సు, గెంతి దిగడం, హ్యామ్‌స్ట్రింగ్ వంగుళ్లు అన్నీ అందులోనే ఉన్నాయి, బరువులు అక్కర్లేదు, మ్యాట్ మీదే చేయించొచ్చు.